డ్రిల్లు మాస్టరు నుంచి ఆటల పీరియడు దాకా

ఏటేటా మన ఉత్సవ సంచికలో భాషను గురించి, పండుగలను గురించి, మన తాతముత్తాతలు ఓడలెక్కి ఈ మలయా గడ్డకు వచ్చిన రోజులను గురించి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అవి రావలసినవే. ఈసారి మేము ఎవరూ అంతగా పట్టించుకోని ఒక విషయం ఎత్తుకున్నాము. బడిలో పిల్లల చేత ఆటలాడించడం, వ్యాయామం చేయించడం అనే పని ఎలా మొదలైంది, ఎవరు దానికొక పద్ధతి ఏర్పరచారు, ఎక్కడ చెడింది, ఎక్కడ బాగుపడింది అన్నదే ఆ విషయం. "ఆటలకు కూడా చరిత్రేమిటయ్యా?" అని పెద్దలు కొందరు నవ్వవచ్చు. నవ్వినా సరే, చివరిదాకా చదవమని మనవి.

ఇందుకు పూనుకోవడానికి ఒక కారణం ఉన్నది. ఆ మధ్య మన పిల్లలకు మేమే ఆటల పోటీలు ఏర్పాటు చేశాము. కప్పులు కొన్నాము, కరపత్రాలు వేశాము, షామియానా కట్టించాము. ఉదయం 8 గంటలకు మొదలుపెడితే 10 గంటలకల్లా సగంమంది పిల్లలు ఓడిపోయి చెట్టు కింద కూర్చున్నారు. గెలిచినవాళ్ళు ఆడుతూ ఉంటే సాయంత్రం దాకా వీళ్ళు చూస్తూ ఉన్నారు. ఒక పిల్లవాడు "అమ్మమ్మా, నా ఆట అయిపోయిందిగా, ఇంటికి పోదామా?" అని అడిగాడు. ఆ మాట మా చెవిని పడింది. వాడికి దూరాభారమై రావడమే దక్కింది, ఆట దక్కలేదు. తప్పు వాడిది కాదు, పోటీలు అలా వేసిన మాది. ఆ తప్పు ఎందువల్ల జరిగిందో తెలుసుకుందామని వెనక్కి చూస్తే, నూరేళ్ళుగా బడుల్లో నడుస్తున్న ఒక పెద్ద వాదమే కనిపించింది.

వరుసలో నిలబెట్టిన కాలం

మన పెద్దలు విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలు వదిలి వచ్చేనాటికి తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ బడులకు చదువు పద్ధతులు, మేష్టర్ల శిక్షణ అన్నీ మద్రాసు నుంచే దిగేవి.

ఊళ్ళల్లో ఆటలకు కొదవ లేదు. చెడుగుడు, బిళ్ళంగోడు, ఏడు పెంకులాట, కోతికొమ్మచ్చి పిల్లల సొత్తు. పెద్దవాళ్ళకు తాలింఖానా ఉండేది. అక్కడ దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ నేర్పేవారు. బడిలోకి మాత్రం వీటికి ప్రవేశం లేదు. 1882లో నియమించిన హంటర్ విద్యా కమిషన్ దేశీయమైన ఆటలు, కసరత్తు, డ్రిల్లు వీటన్నిటినీ ఆయా బడుల పరిస్థితిని బట్టి ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. ఆ మూడింటిలో ఆచరణలోకి సులువుగా వచ్చింది డ్రిల్లు ఒక్కటే. దానికి స్థలం కొంచెం చాలు, సామాను అక్కరలేదు. పటాలం నుంచి విరమించుకున్న సిపాయి ఒకరు దొరికితే చాలు, వ్యాయామం ఏర్పాటైనట్టే లెక్క. "అటెన్షన్", "స్టాండ్ ఎట్ ఈజ్", కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. పిల్లవాడికి చెమట పట్టిందో లేదో గాని, చెప్పిన మాట వినడం మాత్రం అలవాటయ్యేది. పాలించేవాళ్ళకు కావలసింది కూడా అదే కాబోలు.

ఇది చదువుతుంటే మాకు తోటల సంగతి జ్ఞాపకం వచ్చింది. రబ్బరు తోటల్లో తెల్లవారుజామున కూలీలను వరుసలో నిలబెట్టి హాజరు వేసుకోవడాన్ని తమిళ సోదరులు "పిరట్టు" అనేవారు. పెరేడ్ అన్న ఇంగ్లీషు మాటే నోళ్ళలో నలిగి అలా అయింది. అక్కడి బడిలో పిల్లవాడికి డ్రిల్లు, ఇక్కడి తోటలో వాడి మేనమామకు పిరట్టు. రెండూ ఒక తాను గుడ్డలే.

తోట బడుల విషయానికి వస్తే, 1912 నాటి కార్మిక చట్టం ప్రకారం మలయా సంయుక్త రాష్ట్రాల్లో బడి ఈడు పిల్లలు పదిమందికి తక్కువ కాకుండా ఉన్న తోటల్లో యజమాని బడి పెట్టవలసి వచ్చింది. చట్టం బడి పెట్టమన్నదే గాని, ఆ పిల్లలు పరుగెత్తడానికి జాగా ఉండాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు.

డ్రిల్లు కాలంలో కూడా తెలుగునాట ఒక వ్యాయామోపాధ్యాయుడి పేరు మారుమోగింది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు మన ఇళ్ళలో ముసలివాళ్ళకు తెలియకపోదు. ఏనుగును రొమ్ముమీద నిలిపినవాడని, కట్టిన గొలుసులు తెంచినవాడని, కలియుగ భీముడని చెప్పుకుంటారు. ఆయన మద్రాసు దగ్గర సైదాపేటలో ఒక యేడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన హైస్కూలులోనే వ్యాయామోపాధ్యాయుడుగా చేరిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తరువాత సర్కసు పెట్టి దేశదేశాల్లో కీర్తి గడించి, 1942లో కాలం చేశారు. ఆయన బలం చూసి జనం చప్పట్లు కొట్టారు, కొట్టవలసిందే. అయితే ఒక మహాబలుడిని వేయిమంది చూడటం వేరు, ఆ వేయిమందీ తమ ఒంటికి తగిన కసరత్తు చేయడం వేరు. ఈ రెండో పనికి పథకం కావాలి.

అయిదుగురితో మొదలైన బడి

ఆ పథకం వేసినవాడు హ్యారీ క్రో బక్ అనే అమెరికను. స్ప్రింగ్ ఫీల్డులోని వై.ఎం.సి.ఎ. కళాశాలలో చదువుకున్నాడు. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్ బాల్ ఆటను కనిపెట్టింది అక్కడే. దానికి దగ్గరలోని హోలియోక్ వై.ఎం.సి.ఎ.లో 1895లో వాలీబాల్ పుట్టింది. ఈ రెండు ఆటలూ మన దేశంలో ఇంతగా పాకిపోవడానికి ఆ సంస్థ మనుషులే ముఖ్య కారకులు.

బక్ 1919లో మద్రాసు వచ్చాడు. మరుసటి యేడు, 1920లో, అయిదుగురు విద్యార్థులతో వ్యాయామోపాధ్యాయులను తయారుచేసే బడి పెట్టాడు. అదే తరువాత సైదాపేట చేరువను, అడయారు నది ఒడ్డున నందనంలో స్థిరపడిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల. దేశం మొత్తంమీద ఈ విద్యకు తల్లివేరు వంటి సంస్థల్లో అది ఒకటి. 1924లో పారిస్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టుకు బక్ మేనేజరు కూడా. అంతటివాడు పతకాల వేటగాళ్ళనే తయారుచేసి ఊరుకోవచ్చు. ఆయన మాత్రం జిల్లా బోర్డు బడిలో నలభైమంది పిల్లలున్న ఒక తరగతిని గంటసేపు ఎలా ఆడించాలో చెప్పగల మేష్టర్లను తయారుచేయడానికే తన జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించాడు. 1943లో మద్రాసులోనే కన్నుమూశాడు.

ఆ శిక్షణ తెచ్చిన మార్పేమిటంటే, ఆటల పీరియడును కూడా లెక్కల పీరియడులాగే ముందుగా ఆలోచించి నడపవలసిన పాఠంగా చూడటం. ఆ పాఠానికి కొన్ని అంగాలు ఉంటాయి. మొదట ఒళ్ళు వేడెక్కే చిన్న పరుగు. తరువాత కాళ్ళు, చేతులు, నడుము వంచే కసరత్తు. అటుపైన ఆ రోజు నేర్చుకోవలసిన ఒక ప్రత్యేక విద్య, బంతి విసరడమో, దూకడమో, దండీలు తీయడమో. ఆపైన అందరూ కలిసి కేకలు వేస్తూ ఆడే ఒక చిన్న ఆట. చివరకు అందరూ ఒకచోట చేరి, ఊపిరి నిదానించి, వెళ్ళిపోవడం. చూడటానికి తేలికగానే ఉంటుంది. అరగంటలో నలభైమందికీ చేతినిండా పని ఉండేలా దీన్ని నడిపించాలంటే మేష్టరు ముందురోజే కూర్చుని ఆలోచించుకోవాలి.

బక్ కూర్చిన ఆటల నియమాల పుస్తకం చాలా కాలం వ్యాయామోపాధ్యాయుల చేతి పుస్తకంగా ఉండేది. పల్లెకొక తీరున ఆడే మన ఆటలకు కూడా గీతలెక్కడ, మనుషులెందరు, ఔటంటే ఏమిటి అన్నది కాగితం మీదికి రావడం ఆ తరంలోనే జరిగింది. మహారాష్ట్రలోని అమరావతిలో 1914లో వెలసిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వారు 1936లో బెర్లిను వెళ్ళి ఒలింపిక్సు సమయంలో మన దేశపు ఆటలను ప్రదర్శించి వచ్చారు. 1990 నుంచి కబడ్డీ ఆసియా క్రీడల్లో పతకం ఉన్న ఆట. మన చెడుగుడు అంత దూరం నడిచింది!

ఆట వెనుక లెక్క

బడి ఆటలకు పథకం వేసేవాళ్ళు చూసుకోవలసినవి ముఖ్యంగా నాలుగు: జాగా, వేళ, మేష్టరు, సామాను. ఈ నాలుగింటిలో ఏ ఒకటి లోపించినా మిగతా మూడూ వృథా అవుతాయి. మైదానం ఉండి మేష్టరు లేకపోతే పశువులు మేస్తాయి. మేష్టరు ఉండి వేళ లేకపోతే ఆ పీరియడులో లెక్కల మేష్టరు పరీక్షలకు చదివిస్తాడు. ఇది ఇప్పటికీ అన్ని దేశాల్లోనూ వినిపించే ఫిర్యాదే.

వీటి తరువాత వచ్చేది జోడు కుదర్చడం. ఒకే తరగతిలో ఒకడు తాడిలా ఉంటాడు, ఇంకొకడు జానెడుంటాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడితే అది ఆట కాదు. అందుకని వ్యాయామ విద్యలో వయస్సును 20 చేత, అంగుళాల్లో ఎత్తును 6 చేత హెచ్చవేసి, పౌనులలో బరువును దానికి కలిపి వచ్చిన అంకెను బట్టి పిల్లలను వర్గాలుగా విడదీసే పద్ధతి ఒకటి వచ్చింది. అమెరికాకు చెందిన మెక్లాయ్ చెప్పిన సూత్రమది. 13 యేళ్ళ వయస్సు, 58 అంగుళాల ఎత్తు, 80 పౌనుల బరువు ఉన్న పిల్లవాడికి 688 వస్తుంది. దగ్గర దగ్గర అంకెలున్నవాళ్ళు ఒక జట్టు. బలహీనుడికి కూడా గెలిచే అవకాశం కల్పించడమే దీని పరమార్థం.

ఆ పైన పోటీలు వేసే తీరు. మేము తప్పు చేసింది ఇక్కడే. ఓడినవాడు వెళ్ళిపోయే నాకౌట్ పద్ధతిలో 16 జట్లుంటే మొత్తం 15 ఆటల్లో తేలిపోతుంది. నిర్వాహకులకు సుఖం. కాని 8 జట్లకు ఒక్క ఆటతోనే ఆనాటి పండుగ ముగుస్తుంది. అదే 16 జట్లను నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, గుంపులో ప్రతి జట్టు మిగతా మూడింటితోనూ ఆడే లీగు పద్ధతి పెడితే గుంపుకు 6 చొప్పున 24 ఆటలు. రెండు కోర్టులు గీసి, ఆటకు పావుగంట చొప్పున ఇస్తే 3 గంటల్లో అయిపోతాయి. గుంపుల విజేతలకు ఇంకో 3 ఆటలు కలుపుకున్నా 27. అంటే మేము ఇంకొక 12 ఆటలకు ఓపిక పట్టి ఉంటే, ఆ రోజు ప్రతి పిల్లవాడూ తక్కువలో తక్కువ మూడుసార్లు బరిలోకి దిగి ఉండేవాడు. చెట్టు కింద కూర్చున్నవాడి దుఃఖం ఖరీదు అంతే!

హైదరాబాదులో ఒక బడిపంతులు

అందరినీ ఆడిస్తే గొప్ప ఆటగాళ్ళు రారేమో అన్న శంక కొందరికి ఉంటుంది. దానికి జవాబుగా హైదరాబాదు నుంచి ఒక ఉదాహరణ చెబుతాము.

సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని బడుల్లో ఆటల బాధ్యత వహించారు. తరువాత ఫుట్ బాల్ శిక్షకులయ్యారు. ఆయన ఆటగాళ్ళకు బంతి తన్నడం నేర్పడంతో సరిపెట్టలేదు. బడిపంతులు పాఠం చెప్పినట్టే విద్యను ముక్కలు ముక్కలుగా విడదీసి నేర్పేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించవలసిన పోటీలు, చేవ తక్కువైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించారని చెబుతారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు యేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందింది. జకార్తా విజయం నాటికే ఆయన జబ్బుమనిషి. 1963లో కాన్సరు వ్యాధితో పోయారు. ఆ తరువాత నేటి వరకు భారతదేశానికి ఆసియా క్రీడల్లో ఫుట్ బాల్ స్వర్ణం రాలేదు.

కవాతు మళ్ళీ వచ్చింది

ఇక్కడ మన మలయా చరిత్రకు ముడిపడిన ఒక ఘట్టం ఉన్నది. 1942 నుంచి 1945 దాకా జపాను వారి ఏలుబడిలో ఇక్కడి బడిపిల్లలు "తైసో" అనే సామూహిక వ్యాయామం చేయవలసి వచ్చింది. ఆ యేళ్ళలోనే తోటల నుంచి ఎందరో యువతీయువకులు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ఆ ఫౌజులో ఉన్నత సేనాధికారి జగన్నాథరావు భోంస్లే. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన భారత ప్రభుత్వంలో పునరావాస శాఖ ఉపమంత్రి అయ్యారు. దేశవిభజన వల్ల ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన కాందిశీకుల పిల్లల కోసం 1954లో జాతీయ క్రమశిక్షణ పథకం ప్రారంభించారు. కవాతు, కసరత్తు, దేశభక్తి గీతాలు అందులో ముఖ్యం. దిక్కులేని పిల్లలకు అది ఒక ఆసరా అయింది. సదుద్దేశంతో పుట్టిన పథకమే.

చిక్కు తరువాత వచ్చింది. అప్పటికే 1948లో నేషనల్ కాడెట్ కోర్ వచ్చి ఉన్నది. 1950లో వ్యాయామ విద్యకు కేంద్ర సలహా మండలి ఏర్పడి, 1956లో జాతీయ ప్రణాళిక తయారైంది. ఇప్పుడు క్రమశిక్షణ పథకం కూడా బడుల్లోకి వచ్చింది. ఒకే పిల్లవాడు, అదే ఒక్క గంట. దాని మీద ముగ్గురు నలుగురు హక్కుదారులు! ఎవరి మేష్టరు వారిదే, ఎవరి లెక్క వారిదే. ఈ గందరగోళం తీర్చడానికి 1959లో హృదయనాథ్ కుంజ్రూ గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. బడికి వ్యాయామ విద్యా కార్యక్రమం ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ అందులో కలిసిపోవాలి అన్నది ఆ సంఘం తేల్చిన సారాంశం. దాని ఫలితంగా 1965లో జాతీయ దేహదారుఢ్య దళం పేరిట సమైక్య కార్యక్రమం మొదలైంది. కొద్ది యేళ్ళకే, 1970లలో, దాని శిక్షకులను రాష్ట్రాలకు అప్పగించేశారు. డబ్బు లేక కాదు, ఆశయం లేక కాదు, "ఈ గంట ఎవరిది?" అన్న ప్రశ్నకు గట్టి జవాబు లేక ఎన్నో యేళ్ళు కరిగిపోయాయి.

ఆ గంట పిల్లవాడిది

ఆ ప్రశ్నకు జవాబు ఇటీవలి చట్టాల్లో కొంత కనబడుతున్నది. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది. 6 నుంచి 8 తరగతుల్లో నూరుమందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యలకు పార్ట్ టైమ్ శిక్షకుడుండాలన్నది. మన మలేసియాలో 2011లో "ఒక విద్యార్థి, ఒక ఆట" అనే విధానం వచ్చింది. ప్రతి విద్యార్థీ కనీసం ఒక ఆటలోనైనా పాల్గొనాలన్నది దాని నియమం. మన బడుల్లో ఎర్ర, నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల ఇళ్ళుగా పిల్లలందరినీ పంచి పోటీలు పెట్టడం కూడా ఆ తోవలోదే. కాగితం మీది మాట మైదానం మీదికి ఎంతవరకు వచ్చిందన్నది బడిబడికీ వేరు. అయితే మాట మాత్రం సరైన మాట.

కోడి రామమూర్తి గారు పుట్టిన ఆ శ్రీకాకుళం సీమలోనే, ఊసవానిపేట అనే పల్లెలో, కరణం మల్లేశ్వరి తన అక్కచెల్లెళ్ళతో పాటు బరువులెత్తడం నేర్చుకున్నది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ అయింది. రామమూర్తి గారి కాలంలో అయితే ఆడపిల్లను వ్యాయామశాల గడప తొక్కనిచ్చేవారు కారు. ఒక పల్లెలో వ్యాయామశాల, నేర్పే మేష్టరు, రోజూ ఒక వేళ, కొంత సామాను, ఆడపిల్లలనూ రానిచ్చే మనస్సు ఉంటే ఏమవుతుందో ఆ పతకం చెబుతున్నది.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన సామెత. డ్రిల్లు మాస్టరు మొక్కను వంచడం ఒక్కటే నేర్చుకున్నాడు. అది పెరగడానికి ఎండా నీడా కూడా కావాలని తరువాతివారు గ్రహించారు. ఈ నూరేళ్ళ కథలో మాకు దొరికిన సారం ఇంతే.

కాబట్టి పెద్దలకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. వారాంతంలో మన పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుకోవడానికి వస్తున్నారు. గంటసేపు కూర్చుంటే చాలు వాళ్ళ కాళ్ళు ఊరుకోవు. ఆ తరగతికి ముందో వెనుకో అరగంట ఆటకు ఇద్దాము. చెడుగుడు ఆడిద్దాము, ఏడు పెంకులు పేరుద్దాము. అంకెలు పలికిస్తూ పరుగెత్తిద్దాము. పదాలు నోటికొచ్చే తోవ అదీ ఒకటి. వచ్చే యేడు ఉత్సవానికి పోటీలు లీగు పద్ధతిలో వేస్తామని మేము మాట ఇస్తున్నాము. కప్పు ఎవరికి దక్కినా సరే. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ప్రతి పిల్లవాడి మోకాళ్ళకూ మట్టి అంటి ఉండాలి.

ఆ అమ్మమ్మగారు మనవణ్ణి మళ్ళీ తీసుకువస్తారని మా ఆశ.